పాటల బడిపంతులు యోహాన్ సెబాస్టియన్ బాఖ్

జర్మనీ దేశంలోని లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ చర్చి ఉంది. బడి సెలవులు మినహా ప్రతి శుక్రవారం సాయంకాలం 6 గంటలకు, శనివారం మధ్యాహ్నం 3 గంటలకు ఆ చర్చి పడమటి మేడ మీద మగపిల్లలు బారులు తీరి నిలబడి పాడతారు. వారిలో 9 ఏళ్ల పసివాళ్లూ ఉంటారు, 18 ఏళ్ల యువకులూ ఉంటారు. చిన్నవాళ్లు నావికుల దుస్తులను పోలిన నీలి రంగు చొక్కాలు, పెద్దవాళ్లు నల్లటి సూట్లు ధరిస్తారు. సుమారు 100 మంది సభ్యులున్న ఈ బాలగాయక బృందానికి థోమానర్‌కోర్ అని పేరు. ఇది పుట్టింది 1212లో. అంటే మన ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు పాలిస్తున్న కాలం నుంచి నేటి వరకు ఆ పాట ఆగలేదన్న మాట.

ఈ ఎనిమిది శతాబ్దాలలో ఎందరో ఉపాధ్యాయులు ఆ పిల్లలకు పాట నేర్పారు. వారిలో ఒకరు 27 ఏళ్లపాటు అక్కడే పనిచేసి, అక్కడే కన్నుమూశారు. ఆయనే యోహాన్ సెబాస్టియన్ బాఖ్. పాశ్చాత్య సంగీతానికి మూలస్తంభాలలో ఒకడిగా ప్రపంచం ఆయనను కొలుస్తుంది. కాని ఆయన బతికి ఉన్న రోజుల్లో లైప్‌జిగ్ నగర పాలక మండలి లెక్కల్లో ఆయన ఒక బడిపంతులు మాత్రమే. ప్రధానోపాధ్యాయుడు, ఉపప్రధానోపాధ్యాయుడు, ఆ తరువాత మూడో స్థానం ఆయనది. ఆ ఉద్యోగం ఆయనకు సుఖమివ్వలేదు. అయినా ఆయన కీర్తికి పునాది ఆ ఉద్యోగంలోనే, ఆ పేదపిల్లల గొంతుల్లోనే పడింది.

మఠంలో మొదలైన పాట

1212లో మైస్సెన్ ప్రాంతపు ప్రభువు డీట్రిచ్ లైప్‌జిగ్‌లో అగస్టీనియన్ సన్యాసుల కోసం సెయింట్ థామస్ మఠాన్ని నెలకొల్పాడు. మఠంలో నిత్యం జరిగే ఆరాధనలో లాటిన్ కీర్తనలు పాడటానికి బాలురు కావలసి వచ్చింది. వారికి తిండి, బస, చదువు మఠమే సమకూర్చింది. పాటకు బదులు చదువు, చదువుకు బదులు పాట: ఆ పాఠశాల ధర్మం ఆనాటి నుంచీ ఇదే.

1539లో లైప్‌జిగ్‌కు మార్టిన్ లూథర్ మతసంస్కరణ వచ్చింది. మఠం మూతపడింది. 1543లో దాని ఆస్తులను నగరం కొనుగోలు చేసింది. బడీ, గాయక బృందమూ నగర పాలక మండలి చేతికి వచ్చాయి. లూథర్ తానే బాల్యంలో వీధుల్లో పాడి భిక్ష తెచ్చుకుని చదివినవాడు. దైవశాస్త్రం తరువాత అంతటి స్థానం సంగీతానిదేనని నమ్మినవాడు. అందువల్ల మఠాలు పోయినా పాటల బడులు నిలిచాయి.

మన పల్లెల్లో పూర్వం పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకున్నట్టే, ఆ పిల్లలు పాట పాడుకుని చదువుకునేవారు. పెళ్లిళ్లకు పాడేవారు. శవయాత్రల ముందు నడుస్తూ పాడేవారు. ఎముకలు కొరికే చలిలో గుంపులుగా వీధుల వెంట తిరిగి ఇంటింటి ముందు పాడేవారు. వచ్చిన సొమ్ములో బడికి, ఉపాధ్యాయులకు, పిల్లలకు వాటాలు ఉండేవి. ఆ రోజుల్లో చర్చిలో స్త్రీలు పాడే ఆచారం లేదు. పై స్థాయి స్వరాలన్నీ బాలురే పలకాలి. మగపిల్లల గొంతు నేటికంటే ఆలస్యంగా, 16, 17 ఏళ్ల వయసులో మారేది గనుక నాలుగైదేళ్లు సాధన చేసిన పిల్లవాడు నిజంగా దిట్ట అయ్యేవాడు.

తల్లిదండ్రులు లేని బాలుడు

బాఖ్ 1685 మార్చి 21న తురింగియా ప్రాంతంలోని ఐసెనాఖ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి యోహాన్ ఆంబ్రోసియస్ ఆ పట్టణపు ఆస్థాన వాద్యకారుడు. ఎనిమిది మంది సంతానంలో సెబాస్టియన్ కడగొట్టువాడు. ఆ ప్రాంతంలో బాఖ్ అన్న ఇంటిపేరు వింటే చాలు, సంగీతకారుడని జనం అనుకునేవారు. తరాల తరబడి ఆ వంశానిది అదే వృత్తి. ఒకప్పుడు లూథర్ చదివిన లాటిన్ పాఠశాలలోనే ఈ బాలుడూ చేరి, బృందంలో పాడాడు.

1694లో తల్లి మరణించింది. మరుసటి సంవత్సరం మొదట్లో తండ్రీ పోయాడు. పదేళ్లు నిండకుండానే అనాథ అయిన సెబాస్టియన్‌ను ఓర్డ్రూఫ్ పట్టణంలో ఆర్గన్ వాయించే పెద్దన్న యోహాన్ క్రిస్టోఫ్ చేరదీశాడు. తన కంటే 14 ఏళ్లు పెద్దవాడైన ఆ అన్నే తొలి గురువు. అన్న దగ్గర పేరుమోసిన విద్వాంసుల రచనలున్న ఒక స్వరాల పుస్తకం ఉండేది. తమ్ముడు ఎంత అడిగినా ఇచ్చేవాడు కాదు. బాలుడు రాత్రివేళ జాలీ తలుపు సందులోంచి చెయ్యి పెట్టి, ఆ పుస్తకాన్ని చుట్టగా చుట్టి బయటికి తీసి, దీపం లేక వెన్నెల వెలుగులో ఆరు నెలల పాటు దాన్ని నకలు చేసుకున్నాడు. చివరికి అన్న పసిగట్టి ఆ నకలును లాక్కున్నాడు. ఆయన కుమారుడు, శిష్యుడు కలిసి రాసిన సంస్మరణ వ్యాసం ఈ వృత్తాంతాన్ని భద్రపరిచింది.

అన్నకు పిల్లలు పుట్టారు, ఇల్లు ఇరుకయింది. పేద విద్యార్థులకు ఊళ్లో దొరికే ఉచిత భోజన వసతి 1700లో సెబాస్టియన్‌కు ఆగిపోయింది. అతడు బడి వదలిన కారణంగా రిజిస్టరులో రాసింది ఇదే. ఇక్కడితో చదువు ముగిసి ఉంటే అతడు ఏదో ఒక పట్టణంలో వాద్యగాళ్ల వెంట తిరిగే కుర్రవాడై మిగిలేవాడేమో. ఆ సమయంలో ఒక తలుపు తెరుచుకుంది. ఉత్తరాన 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ల్యూనెబుర్గ్ పట్టణంలోని సెయింట్ మైఖేల్ చర్చిలో, మంచి గొంతు ఉన్న పేదపిల్లలకు మాత్రమే చోటిచ్చే చిన్న గాయక బృందం ఉండేది. తిండి, బస, చదువు ఉచితం. పైగా కొద్దిపాటి జీతం. పదిహేనేళ్ల సెబాస్టియన్ సహాధ్యాయి గియోర్గ్ ఎర్డ్‌మాన్‌తో కలిసి అక్కడికి చేరాడు.

చేరిన కొద్దికాలానికే గొంతు మారింది. పాడుతుండగా పై స్వరంతో పాటు మంద్ర స్వరం కూడా పలికిందనీ, ఎనిమిది రోజుల పాటు మాట్లాడినా పాడినా రెండు స్వరాలూ కలిసి వచ్చాయనీ, తరువాత బాల్యపు గొంతు శాశ్వతంగా పోయిందనీ అదే సంస్మరణ వ్యాసం చెబుతుంది. అయినా బడి అతణ్ణి వెళ్లగొట్టలేదు. వాద్యాలు వాయించగల నేర్పు, చదువులో చురుకుదనం అతణ్ణి నిలబెట్టాయి. పాడే పేదపిల్లవాడికి బడి ఇచ్చే ఆసరా విలువ ఎంతో బాఖ్ స్వానుభవంతో తెలుసుకున్నాడు.

ముక్కోపి యువకుడు

1703లో 18 ఏళ్ల వయసులో బాఖ్ ఆర్న్‌స్టాట్ పట్టణంలోని కొత్త చర్చిలో ఆర్గన్ వాద్యకారుడయ్యాడు. అక్కడి విద్యార్థి బృందంతో ఆయనకు పొసగలేదు. 1705లో తన కంటే వయసులో పెద్దవాడైన ఒక విద్యార్థితో నడివీధిలో తగవుపడి కత్తి దూసేదాకా వెళ్లాడు. అదే సంవత్సరం నాలుగు వారాల సెలవు తీసుకుని, 400 కిలోమీటర్ల దూరాన ల్యూబెక్‌లో ఉన్న వృద్ధ విద్వాంసుడు బుక్స్‌టెహూడె సంగీతం వినడానికి కాలినడకన బయలుదేరాడు. తిరిగి వచ్చింది దాదాపు నాలుగు నెలల తరువాత. అధికారులు సంజాయిషీ అడిగారు. విద్య కోసం ఎంత దూరమైనా నడవడం, పై అధికారికి తల వంచకపోవడం: ఈ రెండు గుణాలూ ఆయనను కడదాకా వదల్లేదు.

1707లో దూరపు బంధువైన మరియా బార్బరాను పెళ్లాడాడు. 1708 నుంచి వైమార్ ఆస్థానంలో పనిచేశాడు. 1717లో మరో ఆస్థానంలో కొలువు దొరికి, తనను వదిలిపెట్టమని పట్టుపట్టినందుకు వైమార్ ప్రభువు ఆయనను దాదాపు నెల రోజులు బందీగా ఉంచి మరీ పంపాడు. ఆ తరువాత చేరిన క్యోటెన్ ఆస్థానంలో యువరాజు లియోపోల్డ్ సంగీత రసికుడు. హాయిగా సాగుతున్న ఆ రోజుల్లో, 1720 వేసవిలో, యువరాజు వెంట ప్రయాణమై వెళ్లి ఇంటికి తిరిగి వచ్చేసరికి భార్య మరణించి, ఆమె అంత్యక్రియలు కూడా అయిపోయాయి. 1721లో ఆస్థాన గాయని అన్నా మగ్దలేనాను ఆయన ద్వితీయ వివాహం చేసుకున్నాడు. ఇద్దరు భార్యల వల్ల కలిగిన 20 మంది సంతానంలో పెరిగి పెద్దవారైనవారు 10 మంది మాత్రమే.

మూడోవాడిగా దక్కిన ఉద్యోగం

1722లో లైప్‌జిగ్ సెయింట్ థామస్ పాఠశాల సంగీతోపాధ్యాయుడు యోహాన్ కూనావు మరణించాడు. ఆ పదవిని కాంటర్ అంటారు. బడిలో పాఠాలు చెప్పడమే గాక నగరంలోని చర్చిలన్నిటి సంగీతానికీ కాంటరే బాధ్యుడు. నగర పాలక మండలి మొదట కోరుకున్నది టెలెమాన్‌ను. ఆయన హాంబుర్గ్‌లోనే జీతం పెంచుకుని రానన్నాడు. తరువాత ఎంచుకున్నది గ్రావుప్నర్‌ను. ఆయన ప్రభువు వదిలిపెట్టలేదు. ఉత్తములు దొరకనప్పుడు మధ్యరకం వారితో సరిపెట్టుకోవలసిందేనని సభ్యుడొకరు సమావేశంలో పెదవి విరిచాడు. అటువంటి పరిస్థితిలో 1723 ఏప్రిల్ 22న బాఖ్ ఎంపికయ్యాడు.

రాజాస్థానం నుంచి బడికి రావడం హోదాలో దిగిపోవడమే. కాని కుమారులకు విశ్వవిద్యాలయ చదువు చెప్పించాలన్న కోరిక ఆయనను లైప్‌జిగ్‌కు నడిపించింది. మే 22న నాలుగు బండ్ల సామానుతో, రెండు గుర్రపు బగ్గీలలో కుటుంబం నగరం చేరిన సంగతి హాంబుర్గ్ పత్రికలో వార్తగా వచ్చింది. బడి భవనంలోనే కాపురం. ఒప్పంద పత్రంలో 14 షరతులు ఉన్నాయి. సంగీతం మరీ సుదీర్ఘంగా ఉండరాదు, నాటక సంగీతంలా వినిపించరాదు. ఖర్చు కలిసివచ్చేలా పిల్లలకు వాద్యాలు కూడా నేర్పాలి. అంత్యక్రియలకు పిల్లల పక్కన నడవాలి. మేయరు అనుమతి లేకుండా ఊరు దాటరాదు.

లాటిన్ పాఠాలు చెప్పడం కూడా ఆ పదవిలో భాగమే. బాఖ్‌కు అది ఇష్టం లేదు. ఏడాదికి 50 థాలర్లు తన జేబులోంచి ఇచ్చి మరో ఉపాధ్యాయుడి చేత ఆ పని చేయించాడు. ఇది మండలి సభ్యులకు నచ్చలేదు. ఆయనపై వచ్చిన ఫిర్యాదులలో ఇదొకటి.

బడి, ఆదివారం, పాట

పాఠశాలలో ఉచిత వసతితో చదివే పిల్లలు సుమారు 55 మంది. భవనం ఇరుకు, శిథిలం; రోగాలు తరచు. ప్రధానోపాధ్యాయుడు వయోవృద్ధుడు, క్రమశిక్షణ సడలిపోయింది. పై ఉపాధ్యాయులు నలుగురు వంతుల వారీగా పిల్లలను కనిపెట్టుకుని ఉండాలి. నాలుగు వారాలకు ఒకసారి వంతు వచ్చినప్పుడు పొద్దున లేపింది మొదలు రాత్రి పడుకోబెట్టే దాకా బాఖ్ కూడా పిల్లల వెంటే ఉండాలి.

ఆ కొద్దిమంది పిల్లలే నాలుగు బృందాలుగా చీలి నాలుగు చర్చిలలో పాడాలి. మొదటి బృందాన్ని స్వయంగా బాఖ్ నడిపేవాడు. మిగతావి పెద్ద తరగతి విద్యార్థుల చేతిలో ఉండేవి. ఇటువంటి విద్యార్థి నాయకుణ్ణి ప్రిఫెక్టు అనేవారు. ఆదివారం ఉదయం 7 గంటలకు మొదలయ్యే ఆరాధన దాదాపు నాలుగు గంటలు సాగేది. ప్రసంగానికి ముందు, ఆనాటి వాక్యానికి అనుగుణంగా, గాయకులు, వాద్యకారులు కలిసి వినిపించే సంగీత రచన ఉండేది. దీన్ని కాంటాటా అంటారు. సుమారు 20 నిమిషాల రచన. సెయింట్ థామస్ చర్చిలో ఒక వారం, సెయింట్ నికొలస్ చర్చిలో మరో వారం.

బాఖ్ పాతవాటితో కాలక్షేపం చేయలేదు. తొలి సంవత్సరాలలో దాదాపు వారానికొక కొత్త కాంటాటా రాశాడు. ఆయన రాసిన స్వరపత్రం నుంచి ఒక్కొక్క గాయకుడికి, వాద్యకారుడికి విడివిడి ప్రతులు తయారు చేయాలి. కొత్త విద్యార్థులు, పాత విద్యార్థులు, భార్య, కుమారులు కూర్చుని నకళ్లు రాసేవారు. సిరా ఆరీ ఆరకముందే పిల్లలు సాధనకు కూర్చునేవారు. 1724 జూన్ నుంచి మరుసటి వసంతం దాకా, జనానికి కంఠస్థమైన చర్చి కీర్తనలను ఆధారం చేసుకుని వరుసగా సుమారు 40 కాంటాటాలు రచించాడు. ఆయన చర్చి కాంటాటాలలో నేటికి మిగిలినవి సుమారు 200.

1724 ఏప్రిల్ 7న, గుడ్‌ఫ్రైడే నాడు, క్రీస్తు శ్రమల కథను యోహాను సువార్త ప్రకారం సంగీతంలో వినిపించాడు. 1727 ఏప్రిల్ 11న మత్తయి సువార్త ప్రకారం మరో రచన. ఇందులో గాయకులు, వాద్యకారులు రెండు జట్లుగా విడిపోయి ఒకరికొకరు జవాబు చెప్పుకుంటారు. వీధుల్లో పాడుకుని తినే పిల్లల చేత పాడించింది ఈ మహారచనలనే. నేడు ప్రపంచంలోని పేరున్న గాయకులు వీటిని పాడగలగడమే భాగ్యమనుకుంటారు.

1730లో ప్రధానోపాధ్యాయుడిగా వచ్చిన గెస్నర్ బాఖ్ విలువ తెలిసినవాడు. ఆయన పూనికతో 1731-32లో భవనానికి మరమ్మతులు జరిగి, పైన రెండు అంతస్తులు లేచాయి. బాఖ్ బృందాన్ని నడిపే తీరును గెస్నర్ తరువాత ఒక లాటిన్ గ్రంథపు వివరణలో వర్ణించాడు. ముప్పై నలభై మంది మధ్య నిలబడి, ఒకరికి తల ఊపి, మరొకరికి కాలితో తాళం చూపి, ఇంకొకరిని వేలితో హెచ్చరిస్తూ, తారస్థాయి వాడికి, మంద్రస్థాయి వాడికి, నడిమి వాడికి స్వరం అందిస్తూ, అంత సందడిలోనూ ఎవరు తప్పినా క్షణంలో పట్టి సరిదిద్దేవాడట.

17, 20, 17

బాఖ్‌కు, నగర పాలక మండలికి మధ్య అసలు వివాదం పిల్లల గురించే. బడిలో సీట్లు పాటకోసం ఏర్పడ్డవి. కాని మండలి సభ్యులు పాట రాని పిల్లలకు కూడా వాటిని ఇస్తూ వచ్చారు. పరీక్షించి పనికిరారని బాఖ్ రాసినవారికి సైతం చోటు దొరికింది. ఇటు ఖాళీలు ఆయన చేతిలో లేవు, అటు పాట చెడితే మాట పడేది ఆయనే.

1730 ఆగస్టు మొదట్లో మండలి సమావేశమై, కాంటర్ పని చేయడం లేదనీ, అడిగితే సమాధానం కూడా ఇవ్వడం లేదనీ ఆరోపించి, అదనపు రాబడిలో కోత పెట్టాలని తీర్మానించింది. ఆగస్టు 23న బాఖ్ ఒక విజ్ఞాపన పత్రం సమర్పించాడు. చర్చి సంగీతం చక్కగా సాగాలంటే ఏమేమి కావాలో అందులో లెక్క కట్టాడు. ఒక్కొక్క బృందానికి కనీసం 12 మంది గాయకులు కావాలి, 16 మంది ఉంటే మరీ మంచిది. ఉన్న పిల్లలను పేరుపేరునా మూడు వర్గాలు చేశాడు. పనికి వచ్చేవారు 17 మంది. ఇంకా నేర్చుకోవలసినవారు 20 మంది. సంగీతానికి పనికిరానివారు 17 మంది. నాలుగో బృందంలోకి చేరేది కేవలం మామూలు కీర్తన మాత్రం పాడగలవారేనని కూడా తేల్చి చెప్పాడు. వాద్యకారుల కొరత, వారికి ఇవ్వవలసిన జీతాల సంగతి కూడా రాశాడు. ఆ పత్రం వల్ల పరిస్థితి మారిన దాఖలా లేదు.

మరో రెండు నెలలకు, అక్టోబరు 28న, చిన్ననాడు తనతో ల్యూనెబుర్గ్‌కు వచ్చిన ఎర్డ్‌మాన్‌కు బాఖ్ ఉత్తరం రాశాడు. ఎర్డ్‌మాన్ అప్పటికి డాన్‌జిగ్ నగరంలో ఉన్నత పదవిలో ఉన్నాడు. అక్కడేదైనా ఉద్యోగం చూడమని అభ్యర్థన. లైప్‌జిగ్‌లో రాబడి సుమారు 700 థాలర్లనీ, అందులో చాలా భాగం పెళ్లిళ్లు, చావుల మీద వచ్చేదనీ, మంచి గాలి వీచి ఊరు ఆరోగ్యంగా ఉన్న ఏడాది అంత్యక్రియల సొమ్ము 100 థాలర్లకు పైగా తగ్గిందనీ లెక్క చెప్పాడు. పైవారికి సంగీతం మీద ఆసక్తి లేదని మొరపెట్టుకున్నాడు. ఇంట్లో పిల్లలంతా పుట్టు సంగీతకారులేననీ, కుటుంబంతోనే కచేరీ చేయగలననీ అదే ఉత్తరంలో సంతోషంగా రాసుకున్నాడు. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన లైప్‌జిగ్‌లోనే ఉండిపోయాడు.

ప్రిఫెక్టు తగాదా

గెస్నర్ 1734లో వెళ్లిపోయాడు. ఆ స్థానంలో వచ్చిన యోహాన్ ఆవుగుస్ట్ ఎర్నెస్టి యువకుడు, గొప్ప పండితుడు. గ్రంథ పాండిత్యమే చదువు అని ఆయన మతం. సంగీత సాధన పిల్లల చదువుకు అడ్డంకి అని ఆయన భావన. ఇటువంటి ఇద్దరి మధ్య 1736లో నిప్పు రాజుకుంది. అల్లరి చేసిన చిన్నపిల్లలను మొదటి ప్రిఫెక్టు కఠినంగా శిక్షించాడు. ఎర్నెస్టి ఆ ప్రిఫెక్టుకు అందరి ఎదుట బెత్తం దెబ్బలు విధించాడు. అవమానం భరించలేక ఆ విద్యార్థి బడి విడిచిపోయాడు. అతని స్థానంలో ఎర్నెస్టి నియమించిన కుర్రవాడికి తాళజ్ఞానం లేదని బాఖ్ వాదన. ఆరాధన జరుగుతుండగానే అతణ్ణి మేడ మీద నుంచి పంపివేశాడు.

ఎవరి మాట చెల్లాలి? ప్రధానోపాధ్యాయుడిదా, సంగీతోపాధ్యాయుడిదా? నగర పాలక మండలికి, చర్చి అధికార సభకు, చివరికి రాజుకు కూడా అర్జీలు వెళ్లాయి. ఇద్దరు పెద్దల పంతంలో నలిగినవారు పిల్లలే. ఎవరి ఆజ్ఞ పాటించాలో తెలియక భయపడ్డారు. 1736 చివర రాజు బాఖ్‌కు ఆస్థాన రచయిత బిరుదు ఇచ్చాడు గాని గాయం మానలేదు. అప్పటి నుంచి ఆ బడిలో చదువు, పాట కలిసి నడవడం కష్టమైంది. 1739లో గుడ్‌ఫ్రైడే సంగీతానికి అనుమతి లేదని మండలి కబురు పంపితే, దానివల్ల తనకు ఒరిగేది లేదనీ, అది బరువే తప్ప లాభం కాదనీ బాఖ్ జవాబిచ్చాడు.

కడపటి దినాలు

ఆ తరువాత బాఖ్ తనకోసం తాను రాసుకోవడానికే ఎక్కువ కాలం వెచ్చించాడు. పెద్ద కుమారుడు విల్హెల్మ్ ఫ్రీడెమాన్ 1746లో లైప్‌జిగ్ సమీపంలోని హాలె పట్టణంలో ఆర్గన్ వాద్యకారుడయ్యాడు. అదే పట్టణంలో, అదే సంవత్సరంలో, మద్రాసు నుంచి తిరిగివెళ్లిన బెంజమిన్ షుల్జ్ తెలుగు అక్షరాలను తొలిసారిగా అచ్చు గ్రంథంలోకి ఎక్కించాడని మన పాఠకులు గుర్తుంచుకోదగ్గ సంగతి. మరో కుమారుడు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఆస్థానంలో ఉండేవాడు. 1747లో బాఖ్ ఆ రాజు దర్శనం చేసుకుని, ఆయన ఇచ్చిన స్వరం మీద అప్పటికప్పుడు వాయించి మెప్పించాడు.

క్రమంగా కంటిచూపు మందగించింది. 1749 జూన్‌లో, బాఖ్ ఇంకా పదవిలో ఉండగానే, ఆయన తరువాత ఆ స్థానంలోకి రావలసిన హారర్ అనే వ్యక్తిని పరీక్షించడానికి నగరంలో కచేరీ ఏర్పాటు చేశారు. 1750లో ఇంగ్లండు నుంచి వచ్చిన టేలర్ అనే కంటివైద్యుడు రెండుసార్లు శస్త్రచికిత్స చేశాడు. చూపు పూర్తిగా పోయింది, ఆరోగ్యమూ చెడింది. 1750 జూలై 28న 65 ఏళ్ల వయసులో బాఖ్ మరణించాడు. సెయింట్ జాన్ శ్మశానంలో పాతిపెట్టారు. గుర్తుకు రాయి కూడా వేయలేదు. బడికి కావలసింది ఉపాధ్యాయుడే గాని ఆస్థాన సంగీత నాయకుడు కాదని మండలి సమావేశంలో మాట వచ్చింది.

అన్నా మగ్దలేనా తన వాటాకు వచ్చిన కాంటాటాల స్వరప్రతులను బడికి అప్పగించింది. పదేళ్లపాటు నగరం వేసే దానధర్మాల మీద బతికి 1760లో కన్నుమూసింది. తన భర్త 27 ఏళ్లు సేవ చేసిన నగరం ఆమెకు చూపిన ఆదరణ అంతే.

మరువని గొంతులు

ఊరు మరిచింది గాని బడి మరువలేదు. ఆమె ఇచ్చిన ప్రతులలో 44 రచనలవి ఇప్పటికీ పదిలంగా ఉన్నాయి. ఆయన శిష్యుడు డోలెస్ 1756లో కాంటర్ అయ్యాడు. వాద్యాల హంగు అక్కరలేని మోటెట్ అనే గాత్ర రచనలను బాఖ్ కొన్ని రాశాడు. కాంటాటాలు మూలపడ్డా, ఒక తరం పిల్లలు నేర్చినదాన్ని తరువాతి తరానికి అందిస్తూ ఈ మోటెట్లను పాడుతూనే వచ్చారు.

1789లో మోజార్ట్ లైప్‌జిగ్ వచ్చాడు. పిల్లలు బాఖ్ మోటెట్ ఒకటి పాడగా విని నివ్వెరపోయాడు. ఇందులోంచి నేర్చుకోవలసింది ఉందని సంతోషించాడు. పూర్తి స్వరపత్రం లేదని తెలిసి, పిల్లల విడి ప్రతులను తెప్పించి, మోకాళ్ల మీద, కుర్చీల మీద పరుచుకుని అన్నీ చదివే దాకా లేవలేదు. ఆ బడి పూర్వ విద్యార్థి రోఖ్లిట్స్ ఈ దృశ్యాన్ని రాసిపెట్టాడు. బాఖ్ మరణించి 39 ఏళ్లయినా ఆయన సంగీతం మోజార్ట్ చెవిన పడిందంటే అది ఆ పిల్లల పుణ్యమే. 1829లో యువకుడైన మెండెల్‌సన్ బెర్లిన్‌లో మత్తయి సువార్త రచనను తిరిగి వినిపించాక బాఖ్ పేరు లోకమంతా మారుమోగింది.

తరువాత కూడా ఆ బృందానికి ఆటుపోట్లు తప్పలేదు. 1931 నుంచి కార్ల్ స్ట్రౌబె నాయకత్వంలో పిల్లలు పాడిన కాంటాటాలు రేడియోలో దేశమంతా వినిపించాయి. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 డిసెంబరు 4న లైప్‌జిగ్ మీద బాంబులు పడ్డాయి. పిల్లలను గ్రిమ్మా అనే పట్టణానికి తరలించారు. 1945లో తిరిగి వచ్చి శిథిలాల నడుమ మళ్లీ పాడారు. తూర్పు జర్మనీ పాలనలో ప్రభుత్వానికి మతం మీద ఆదరణ లేకున్నా చర్చిలో పాట ఆగలేదు. 2012లో 800 సంవత్సరాల పండుగ జరుపుకున్నారు. నేటికీ పిల్లలు హాస్టల్‌లోనే ఉంటారు. ఒక్కొక్క గదిలో పెద్దవాళ్లు, చిన్నవాళ్లు కలిసి ఉండి, చిన్నవాళ్ల బాగోగులు పెద్దవాళ్లు చూసుకుంటారు.

1894లో సెయింట్ జాన్ శ్మశానంలో తవ్వకం జరిపి బాఖ్ అస్థికలను గుర్తించారు. వాటిని అక్కడి చర్చిలో ఉంచగా, యుద్ధంలో ఆ చర్చి కూలిపోయింది. 1950లో, ఆయన మరణించిన 200 ఏళ్లకు, సెయింట్ థామస్ చర్చిలో బలిపీఠం ఎదుట సమాధి కట్టారు. వెలుపల 1908లో ప్రతిష్ఠించిన విగ్రహం ఉంది. దాని కోటు జేబు ఒకటి ఖాళీగా బయటికి తిరగబడి ఉంటుంది. జీతం చాలని పంతులు అని ఊరివారు నవ్వుతూ చూపిస్తారు.

బాఖ్ జీవితంలో ఒక పేదబాలుడికి పాట వల్ల బడిలో చోటు దొరికింది. ఆ బాలుడు పెద్దవాడై, అటువంటి చోట్లు పాట వచ్చిన పిల్లలకే దక్కాలని అధికారులతో పోరాడాడు. ఆ పోరాటంలో ఆయన గెలవలేదు. కాని ఆయన తీర్చిదిద్దిన పిల్లలు, వారి తరువాతి పిల్లలు పాట విడిచిపెట్టలేదు. శుక్రవారం సాయంకాలం పడమటి మేడ మీద నుంచి వారు పాడే పాట చర్చి పొడవునా సాగి, తూర్పు కొసన ఉన్న వారి పంతులుగారి సమాధిని చేరుతుంది.